మామగారి పేరు

మా మామ్మ మా నాన్నను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. ముద్దొస్తే "నాయినా", కోపమొస్తే "ఒరే గుంటడా", పరాయివాళ్ళ దగ్గర "మావోడు". అంతే. అందులో వింతేమీ లేదు. నాన్నకు పెట్టింది తాతయ్య తండ్రి పేరు. మా శ్రీకాకుళం వేపు కోడలు మామగారి పేరు నోటితో పలకదు. కన్నకొడుక్కి అదే పేరు పెట్టుకున్నా పలకదు. నాన్నను బళ్ళో వేసిన రోజున మాస్టారు "పేరేటమ్మా?" అనడిగితే పక్కింటావిడ చేత చెప్పించిందట. మామగారు ఎప్పుడో పోయారు, మొగుడూ పోయాడు, అయినా కట్టుబాటు తప్పలేదని ఊరు ఆమెను మెచ్చుకునేది.

నాన్న పుట్టింది రంగంలో. రంగం అంటే రంగూన్. మా ఊళ్ళో పెద్దవాళ్ళ నోట రంగూన్ అనే మాట నేను వినలేదు. "ఆడి తాత రంగం ఎల్లొచ్చాడు", "ఆ పెంకుటిల్లు రంగం డబ్బుతో కట్టింది" అనేవారు. పంట పోయిన ఏడు మేస్త్రీ చేతిలో అడ్వాన్సు పుచ్చుకుని, కళింగపట్నంలోనో భీమిలిలోనో ఓడెక్కి, డెక్కు మీద పడుకుని పోయేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో నాలుగు లక్షల మంది ఉంటే సగానికి పైగా మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళే. రేవులో బస్తాలు మోసేవాళ్ళు, రిక్షాలు లాగేవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పొట్టు మింగేవాళ్ళు ఎక్కువగా తెలుగువాళ్ళు. బర్మావాళ్ళు వాళ్ళను కోరంగీలు అనేవారు. గోదావరి మొగలో ఉన్న కోరంగి రేవు పేరు అది. ఆ రేవు మొహం ఎన్నడూ చూడని మా తాతయ్య కూడా అక్కడ కోరంగీయే. మొదట ఊరి పేరుగా పుట్టిన మాట, పోనుపోను తిట్టయింది.

తాతయ్యది రేవు కూలి. కాపురం బొటటౌంగ్‌లో, పగోడా వెనక సందులో చెక్క ఇల్లు. ఆ ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ ఒకటే. పక్కింట్లో బర్మా ఆవిడ ఉండేది. పొద్దున్నే చేపల పులుసులో సేమ్యా వేసి మొహింగా అమ్ముకునేది. మామ్మ ఆమెను "అమా" అని పిలిచేది. బర్మా భాషలో అమా అంటే అక్క. మామ్మ చెబుతుంటే మాకు మాత్రం "అమ్మా" అన్నట్టే వినపడేది.

1930 మే నెల సంగతి మామ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అప్పటికి ఆమెకు పదహారేళ్ళు, కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని పని మానేశారు. ఓడల్లో సరుకు ఎత్తించే కంపెనీలు వాళ్ళ బదులు బర్మావాళ్ళను పెట్టుకున్నాయి. ఆ పని వాళ్ళకు కొత్త. అయినా నేర్చుకున్నారు, ఇళ్ళల్లో నాలుగు మెతుకులు ఉడికాయి. ఇంతలో తెలుగువాళ్ళతో రాజీ కుదిరింది. 26వ తేదీ పొద్దున పనికొచ్చిన బర్మావాళ్ళను, ఇక మీరు అక్కర్లేదు పొమ్మన్నారు. ముందురోజు ఒక్క మాట చెప్పినవాడు లేడు. కొందరు తెలుగువాళ్ళు వాళ్ళను చూసి నవ్వారంటారు. కొట్లాట అక్కడ మొదలై సాయంత్రానికి ఊరంతా పాకింది. ఆ నాలుగైదు రోజుల్లో వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. కూలి బేరం తెల్లదొరల కంపెనీలది. నరుక్కున్నది మాత్రం ఒకే సందులో ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకునే మనుషులు.

తాతయ్య తమ్ముడు ఆ రోజు రేవు నుంచి ఇంటికి రాలేదు. తర్వాత కూడా రాలేదు.

ఆ సాయంత్రం అమా గోడ పక్క నుంచి వచ్చి మామ్మ చెయ్యి పట్టుకుని తన ఇంట్లోకి లాక్కుపోయింది. తాతయ్యను బియ్యం బుట్టల వెనక్కి తోసి పైన గోనెలు కప్పింది. మామ్మ చీర విప్పించి తన లుంగీ కట్టింది. గుండ్రటి రాతి మీద నీళ్ళు చల్లి తనాకా చెక్క అరగదీసి, ఆ గంధం మామ్మ బుగ్గలకు దట్టంగా పులిమింది. ముక్కుపుడక పీకి నోట్లో పెట్టి "మింగకు" అంది. కొప్పు విప్పి నడినెత్తికి ముడేసింది. చుట్ట ముట్టించి మామ్మ వేళ్ళ మధ్య పెట్టింది.

"చుట్టనేటి సేసుకుంటాను? దగ్గొస్తంది. దగ్గితే ముక్కుపుడక మింగీస్తాను. మింగీకుండా దగ్గీకుండా ఆ రాత్రంతా అలాగే కూకున్నాను" అని మామ్మ చెబుతుంటే, ఆ వేళ్ళు అప్పటికీ చుట్ట పట్టుకున్నట్టే వంకర తిరిగేవి.

గుంపు వచ్చింది. చేతుల్లో కత్తులు. ముందు నిలబడ్డవాడు అమా సొంత తమ్ముడు. పొద్దున రేవులో పని పోయినవాళ్ళలో అతనూ ఒకడు. అమా గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఇంట్లో తన చెల్లెలు తప్ప ఎవరూ లేరంది. తనకు చెల్లెలు లేదని తమ్ముడికి తెలియదా? అతను లోపలికి తొంగి చూశాడు. మామ్మ మొహం చూశాడు. రోజూ చూసే మొహమే. కాసేపు అలాగే చూసి, "అవును, మా చిన్నక్క" అని గుంపును తీసుకుపోయాడు.

నాలుగో రోజున మామ్మ మళ్ళీ చీర కట్టుకుంది. ఇద్దరిళ్ళ మధ్య గోడకు తాతయ్య చిన్న తలుపు పెట్టించాడు.

ఆ తలుపులోంచే నాన్న పాకడం నేర్చుకున్నాడని మామ్మ అనేది. పుట్టింది 1939లో. అమాకు పిల్లల్లేరు. పిల్లాడు పగలంతా ఆమె ఒళ్ళోనే. మామ్మ పలకకూడని పేరు ఆమె నోరారా పిలిచేది. ఆమెకేం అడ్డు? మా తెలుగు పేరు బర్మా యాసలో సాగదీసి సందు చివరి దాకా వినపడేలా కేకేసేదట. మామ్మ వంటింట్లో కూర్చుని అది విని నవ్వుకునేదట.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు వచ్చాయి. బాంబంటే ఏమిటో తెలియని జనం వెండి పిట్టల్లా ఉన్నాయంటూ వీధుల్లో నిలబడి తలెత్తి చూశారు. రెండు వేల మందికి పైగా పోయారంటారు. క్రిస్మస్ పండగనాడు మళ్ళీ వేశారు. మనవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని ప్రోమ్ రోడ్డు పట్టారు. రేవు నడవాలంటే కూలీలు కావాలి కదా, సగం దారిలో ఆపి వెనక్కి పంపారు. ఓడ టిక్కెట్టు కొనే స్తోమత ఉన్నవాళ్ళు ఓడెక్కారు. ఉత్తరాన మణిపూర్ దారిలో తెల్లవాళ్ళకు వేరే బాట, నల్లవాళ్ళకు వేరే బాట పెట్టారు. చావు భయంతో పరిగెడుతున్నప్పుడు కూడా మనిషి తోలు రంగు చూశారంటే, ఇన్నేళ్ళ తర్వాత రాస్తున్నా నా చెయ్యి వణుకుతుంది.

మా ఊరివాళ్ళు జట్టుగా బయల్దేరే నాటికి నాన్నకు అమ్మవారు పోసింది. ఒళ్ళంతా కురుపులు. కళ్ళు తెరవలేడు, అరటాకు మీద పడుకోబెట్టారు. జట్టు ఆగలేక వెళ్ళిపోయింది. తాతయ్య, మామ్మ ఉండిపోయారు. ఫిబ్రవరి ఆఖరికి జపానువాళ్ళు దగ్గరికి వచ్చేశారు. జైళ్ళ తలుపులు తీసేశారు, ఊళ్ళో దోపిళ్ళు. 1930 మళ్ళీ వస్తుందన్నారు.

ఆ తెల్లవారుజాము గురించి మామ్మ ఎప్పుడూ రెండే ముక్కలు చెప్పేది. "సీకట్లో బయల్దేరినాం. అమా గుమ్మంలో నిలబడింది. నెల్లాళ్ళలో వొచ్చీస్తానని సెప్పినాను."

మిగతాదంతా వివరంగా చెప్పేది. ఐరావతి దాటడం, పడౌంగ్ దగ్గర నుంచి తౌంగుప్ దాకా నూరు మైళ్ళకు పైగా అరకాన్ కొండలు, దుమ్ము. నీళ్ళు దొరికిన చోటల్లా కలరా. దారి పక్కన ఒరిగిపోయి నిద్రపోతున్నట్టుండేవాళ్ళు, వాళ్ళ పక్కన వదిలేసిన ఇత్తడి బిందెలు, కుట్టు మిషన్లు, ఒక చోట హార్మోనియం. బర్మా మొత్తం మీద నడిచి వచ్చినవాళ్ళు నాలుగైదు లక్షలంటారు. రాలిపోయినవాళ్ళు పదివేలా, యాభైవేలా అన్నది ఎవరూ సరిగ్గా తేల్చలేదు. అందులో ఒకరు మా తాతయ్య. రెండో కొండ ఎక్కుతుంటే వాంతులు పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి పోయాడు. తవ్వడానికి ఏమీ లేక, మామ్మ ఆయన మీద వెదురాకులు కప్పి, తాళి తీసి ఆయన చేతిలో పెట్టి లేచింది.

"కొండ దిగీసరికి సంకలో గుంటడున్నాడు. ఇంకేటీ నేదు" అనేది. ఎన్నిసార్లు చెప్పినా ఈ మాటతో లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది.

తౌంగుప్ నుంచి పడవల్లో అక్యాబ్, అక్కణ్ణుంచి చిట్టగాంగ్, కలకత్తా. ఎవరో పెట్టిన గంజి తాగుతూ మార్చి ఆఖరికి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగింది. వారం తిరక్కుండా, ఏప్రిల్ 6న, అవే జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. విశాఖ జనం పల్లెలకు పరిగెత్తుకొచ్చారు. మా ఊరివాళ్ళూ మూటలు కట్టారు. మామ్మ కదల్లేదు. "ఇంకెక్కడికి పోతాను? ఉన్నోడు ఒకడు, ఈడు నా ఒళ్ళోనే ఉన్నాడు" అందట.

పిల్లాడి గురించి ఊరు రెండు సంగతులు చెప్పుకునేది. ఒకటి, బెదురుకు మాట పడిపోయింది. మూడేళ్ళవాడు, మాటలు వచ్చినవాడు, ఒక్క తెలుగు ముక్క పలకడు. దాహమైతే "యే, యే" అని ఏడ్చేవాడు. బర్మా భాషలో నీళ్ళను అలాగే అంటారు. రంగంలో పుట్టిన గుంటడు కదా అనుకున్నారు. ఏడాది పట్టింది మళ్ళీ తెలుగు రావడానికి. అప్పటిదాకా మామ్మ అతనితో బర్మా మాటలే మాట్లాడేది. మరిది ప్రాణం తీసినవాళ్ళ భాష అది. చీకటి పడ్డాక ఆ భాషలోనే జోలపాడి పడుకోబెట్టేది. రెండోది, అంత అమ్మవారు పోసినా ఒంటి మీద మచ్చ మిగల్లేదు. జట్టులో ముందుగా వచ్చినవాళ్ళు ఆ కురుపులు కళ్ళారా చూసినవాళ్ళే. నున్నగా ఉన్న పిల్లాడి చెంపలు తడిమి, తల్లి మొక్కుకు అమ్మోరు కరుణించిందన్నారు. మామ్మ ఏమీ అనేది కాదు. ఏటేటా గుడికి వెళ్ళి ఘటం పెట్టి, చాలాసేపు మెట్ల మీద కూర్చుని వచ్చేది.

ఏడాదికొకసారి కార్డు రాయించేది. బొటటౌంగ్, పగోడా వెనక సందు. పోస్టుమాస్టరు గారి అబ్బాయి రాసిపెట్టేవాడు. "ఏం రాయాలి పిన్నీ?" అంటే, "అమా ఎలాగుందో అడుగు. ఇంట్లో అందరూ కులాసాయేనా అని అడుగు" అనేది. "ఇంకేం రాయను?" అంటే, "అదే. అందరూ కులాసాయేనా అని ఇంకోసారి రాయి" అనేది. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆ సందు యుద్ధంలో మిగిలిందో లేదో.

1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కింది. రెండేళ్ళకు దుకాణాలన్నీ సర్కారువి అన్నారు, పెద్ద నోట్లు చెల్లవన్నారు. తాతల నాడు వెళ్ళిన మనవాళ్ళు ఒక్కసారిగా పరాయివాళ్ళయ్యారు. దాదాపు మూడు లక్షల మంది కట్టుబట్టలతో ఓడలెక్కారు. ఆడవాళ్ళ మెళ్ళో పుస్తెలు కూడా రేవులో దింపించుకున్నారని వచ్చినవాళ్ళు చెప్పి ఏడ్చేవారు. కొన్ని ఓడలు మద్రాసు చేరాయి, కొన్ని విశాఖపట్నం. వాళ్ళు తలదాచుకున్న చోటును విశాఖలో ఇప్పటికీ బర్మా కేంపు అంటారు.

నాన్నకు అప్పటికి పాతికేళ్ళు. ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసై ఖాళీగా ఉన్నారు. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే చోట గుమాస్తాగా తీసుకున్నారు. పని ఓడలున్నన్నాళ్ళే. మామ్మ కూడా వస్తానంది. రంగం నుంచి వచ్చాక ఊరి పొలిమేర దాటని మనిషి, కంచరపాలెంలో చిన్న గది తీసుకుంటే వచ్చి ఉంది. ఓడ వచ్చిన ప్రతిరోజూ క్యారియరు పట్టుకుని షెడ్డుకు వచ్చేది. ఎదురుగా వేపచెట్టు కింద కూర్చుని, దిగినవాళ్ళను ఒక్కొక్కరినీ చూసేది. క్యారియర్లో ఇద్దరికి సరిపడా అన్నం ఉండేది. మిగిలింది ఎవరికో పెట్టేసేది.

నాన్న ఒకసారి అన్నారట. "అమ్మా, ఇవి మనవాళ్ళ ఓడలు. ఆవిడ బర్మా ఆవిడ. ఆవిడెందుకొస్తుందే ఇందులో?"

"నాకు తెల్దేటి నాయినా" అందట మామ్మ. "సూడనీ."

ఆ తర్వాత జరిగింది నాన్న నాకు ఒక్కసారే చెప్పారు, పోయే ముందు ఏడాది.

వానాకాలం. ఆ రోజు జనం ఎక్కువ. పొద్దుట్నించి రాసి రాసి వేళ్ళు పట్టేశాయి. తలెత్తకుండానే "పేరు?" అన్నారు.

ఎదుటివాడు చెప్పాడు. నాన్న నవ్వారు. "నా పేరే" అన్నారు రాసుకుంటూ. మా వేపు ఆ పేరు ఊరికి పదిమందికి ఉంటుంది.

"తండ్రి పేరు?"

చెప్పాడు. కలం నెమ్మదించింది.

"సొంతూరు?"

ఊరు, తాలూకా, వీధిలో రావిచెట్టు, చెట్టు పక్క నుయ్యి, నూతి ఎదురుగా ఇల్లు. బళ్ళో పిల్లాడు ఎక్కం అప్పచెప్పినట్టు, ఆగకుండా. నాన్న తలెత్తి చూశారు. లుంగీ, చేతిలో లక్కపెట్టె, తన ఈడువాడు. మొహం నిండా స్ఫోటకం మచ్చలు.

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

"పెద్దమ్మ నేర్పింది బాబూ. బర్మా ఆవిడ, నన్ను సాకింది. రాత్రి కూడు పెట్టీ ముందు రోజూ అప్పసెప్పించీది. పేరు సెప్పు, అయ్య పేరు సెప్పు, ఊరు సెప్పు. సెప్తేగాని ముద్ద పెట్టదు. మీయమ్మ వొచ్చీసరికి నువ్వు మర్సిపోతే నా మాట పోద్ది అనీది. పోయినేడు సచ్చిపోయింది." అతను ఎక్కడా గొంతు పెంచలేదు. "నాకు అమ్మోరు పోసి లెగలేకపోతే ఒగ్గీసి ఎల్లారంట. ఎత్తుకుంటే దార్లో సచ్చిపోదునని పెద్దమ్మే ఒగ్గమందంట. మాయమ్మ బతికుందో నేదో, ఆ ఊరికెలాగెల్లాలో కాస్త సెప్పండి బాబూ."

నాన్న తన చెంప తడుముకున్నారట. ఎందుకు తడుముకున్నానో అప్పటికింకా నాకు తెలియదురా అన్నారు నాతో.

చెట్టు కింద మామ్మ లేచి నిలబడింది. వాన చినుకుల్లోంచి రెండడుగులు ముందుకు వేసింది. ఆమె గొంతు అంత పెద్దదని నాన్నకు ఆ రోజు దాకా తెలియదు. షెడ్డంతా తిరిగి చూసేలా, పలకకూడని ఆ పేరు పెట్టి పిలిచింది.

"ఏమ్మా" అంటూ నాన్న కుర్చీలోంచి లేచారు.

ఆమె చూస్తున్నది ఆయన వేపు కాదు.